కాలయాన ప్రేమకథ: రీజెన్సీ ఇంగ్లండు, తెలుగు తెర, అరకు కొండలు

నేటి మనిషి గతంలోకి వెళ్లి అక్కడివాళ్లతో ప్రేమలో పడితే, లేదా గతంలోని మనిషి మన కాలానికి వచ్చి ఇక్కడ మనసు పారేసుకుంటే, అది కాలయాన ప్రేమకథ. ఇంగ్లీషు పాఠకులకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన మజిలీల్లో 1811–1820 మధ్య నడిచిన రీజెన్సీ కాలం ఒకటి. తెలుగు ప్రేక్షకుణ్ణి అడిగితే శ్రీకృష్ణదేవరాయల కొలువు అంటాడు. అందుకు కారణం ఒకే ఒక్క సినిమా. ఆ రీజెన్సీ పదేళ్లలోనే విశాఖ మన్యమూ, అందులోని అరకు లోయా తమవైన పెళ్లి పద్ధతులతో, తమవైన భూమి ఏర్పాట్లతో బతుకుతున్నాయి. ఆ గతాన్ని గీటురాయిగా పెట్టి చూస్తే ఈ రకం కథల బలమూ లోపమూ రెండూ తెలుస్తాయి.

రీజెన్సీ పెళ్లి లెక్కలు

ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతిస్థిమితం తప్పడంతో 1811 ఫిబ్రవరిలో ఆయన పెద్ద కొడుకు రాజప్రతినిధిగా పాలన చేపట్టాడు. 1820 జనవరిలో తండ్రి మరణించి తాను నాలుగో జార్జి అయ్యేదాకా సాగిన ఆ ఏర్పాటే రీజెన్సీ. జేన్ ఆస్టెన్ ఆరు ప్రధాన నవలలూ ఈ పదేళ్లలోనే అచ్చయ్యాయి. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’, 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ వచ్చాయి. 1815 డిసెంబరులో వచ్చిన ‘ఎమ్మా’ను రాజప్రతినిధికి అంకితం ఇవ్వక తప్పలేదు. ఆ పెద్దమనిషి అంటే ఆమెకు గిట్టదు. 1817 జులై 18న ఆస్టెన్ కన్నుమూసింది. చివరి రెండు నవలలు ఆమె పోయాక వెలువడ్డాయి.

ఆస్టెన్ రాసినవి తన కాలపు సాంఘిక నవలలు. గుర్రబ్బగ్గీలు, నాట్యసభలు, ముఖమల్ కోట్ల ముచ్చటగా ఆ కాలాన్ని మలిచిన రచయిత్రి జార్జెట్ హేయర్. 1935 నాటి ఆమె ‘రీజెన్సీ బక్’ వెనక ఈ తరహా నవలలు వరుస కట్టాయి. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ‘బ్రిడ్జర్టన్’ కూడా 1813 లండన్‌లోనే తెర తీస్తుంది.

ముస్తాబు తీసేస్తే ఇవన్నీ ఆస్తి కథలు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో బెన్నెట్ దంపతులకు ఐదుగురూ ఆడపిల్లలే. ఇల్లూ భూమీ మగ వారసుడికే దక్కాలన్న కట్టడి ఉంది కాబట్టి, తండ్రి పోయిన నాడు అవి కాలిన్స్ అనే బంధువు పరమవుతాయి. తండ్రి రాబడి ఏడాదికి 2,000 పౌన్లు. నాయకుడు డార్సీది 10,000. పెళ్లయిన ఆడదానికి సొంత ఆస్తి ఉంచుకునే హక్కు 1882 చట్టం వచ్చేదాకా పూర్తిగా రాలేదు. కూతుళ్ల పెళ్లిళ్ల కోసం తల్లి పడే కంగారు చదివి నవ్వుకుంటాం గానీ, లెక్కలో ఆమెదే సరి.

ఇరవయ్యో శతాబ్దపు రచయితలు ఈ లెక్కలోకి నేటి అమ్మాయిని దింపారు. మనిషిని గతంలోకి పంపడం మార్క్ ట్వేన్ 1889లోనే చేశాడు. యంత్రాన్ని హెచ్.జి. వెల్స్ 1895లో ఇచ్చాడు. ప్రేమ కోసమే కాలం దాటడం తర్వాతి తరాల సరదా. రిచర్డ్ మాథెసన్ 1975 నవల, డయానా గబాల్డన్ 1991లో మొదలుపెట్టిన ‘అవుట్‌లాండర్’ ఆ దారిలోవి. రీజెన్సీకి సూటిగా చెందింది 2008లో బ్రిటన్ టీవీలో నాలుగు భాగాలుగా వచ్చిన ‘లాస్ట్ ఇన్ ఆస్టెన్’. లండన్‌లో ఉద్యోగం చేసుకునే అమాండా ప్రైస్ తన స్నానాల గదిలో తలుపు తీసుకుని ఎలిజబెత్ బెన్నెట్ ఇంటికి చేరుతుంది, ఎలిజబెత్ ఇటు వస్తుంది. నవల కంఠతా వచ్చిన అమాండా అడుగుపెట్టాక ఏ పెళ్లీ నవలలో జరిగినట్టు జరగదు. తమాషా అంతా అందులోనే ఉంది.

ఆ తమాషా తెల్లమ్మాయి వెళితేనే సాగుతుంది. ఈ మాట ఆక్టేవియా బట్లర్ 1979లోనే ‘కిండ్రెడ్’ నవలతో చెప్పేసింది. 1976 లాస్ ఏంజెలిస్‌లో ఉన్న నల్లజాతి రచయిత్రి డానా, ఉన్నపళాన ఆస్టెన్ కాలపు మేరీలాండ్‌లో, బానిసలున్న తోటలో పడుతుంది. పంచాంగంలో రెండు కథలదీ ఒకటే కాలం. ఒకామెకు అక్కడ నాట్యసభ ఎదురైతే, మరొకామెకు కొరడా ఎదురైంది. ఈ రకం కథలు ఎన్ని వచ్చినా ‘కిండ్రెడ్’ పక్కన నిలబెట్టదగ్గవి కొద్ది.

తెలుగులో పాత చుట్టరికం

పెళ్లి కోసం కాలం దాటిన కథ మనకు భాగవతంలోనే ఉంది. కుశస్థలిని ఏలిన కకుద్మి తన కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ పాట కచేరీ నడుస్తోంది. అయ్యేదాకా ఆగి అడిగితే బ్రహ్మ నవ్వాడు. ఆ కాసేపట్లో భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచాయి, అనుకున్న వరులెవరూ ఇప్పుడు లేరు, బలరాముడికి ఇవ్వమన్నాడు. పాత యుగం పిల్ల కాబట్టి రేవతి మరీ పొడుగరి. బలరాముడు నాగలి కొనతో ఆమెను తన కాలపు ఎత్తుకు దించాడని విష్ణుపురాణం చెబుతుంది. వేరే కాలం నుంచి వచ్చిన పెళ్లికూతుర్ని భర్త కాలానికి సరిపడా కుదించడమన్న ఈ ఒక్క వివరంలో ఎంత సంగతి ఉందో స్త్రీవాద విమర్శకులు పట్టించుకోవాలి.

ఇంగ్లీషు పల్లెటూరి నవలను తెలుగు నేలకు దించిన మొదటివాడు కందుకూరి వీరేశలింగం. గోల్డ్‌స్మిత్ 1766 నవల నీడలో ఆయన 1878 నుంచి ‘వివేకవర్ధని’లో నడిపిన ‘రాజశేఖర చరిత్రము’ కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. ఆస్టెన్ మాత్రం తెలుగువాళ్లను తమిళం మీదుగా పలకరించింది. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆధారంగా రాజీవ్ మేనన్ 2000లో తీసిన సినిమా తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’గా వచ్చింది. ఇంగ్లండులో ఇల్లు పోగొట్టుకున్న అక్కచెల్లెళ్ల కథ ఇక్కడ పిసరంతైనా పరాయిగా అనిపించలేదు. ఆడపిల్లలకు ఆస్తి లేదన్న సంగతి మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు కదా.

ఆదిత్య 369

తెలుగులో కాలయానం అంటే 1991 జులై 18న విడుదలైన ‘ఆదిత్య 369’. ఆస్టెన్ వర్ధంతి నాడే విడుదల కావడం వట్టి కాకతాళీయం. కాలేజీ రోజుల్లో చదివిన వెల్స్ నవల దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు మనసులో చాలా ఏళ్లు నానింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చొరవతో శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాతగా ముందుకొచ్చాడు. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్ ముగ్గురూ కెమెరా పట్టారు. నందమూరి బాలకృష్ణ నేటి యువకుడు కృష్ణకుమార్‌గానూ, కృష్ణదేవరాయలుగానూ కనిపిస్తాడు. ప్రొఫెసర్ రామదాసుగా టినూ ఆనంద్, ఆయన కూతురు హేమగా మోహిని, వజ్రం కోసం వెంటపడే రాజావర్మగా అమ్రీష్ పురి నటించారు.

యంత్రం నాయికానాయకులను మొదట 1526కు, తర్వాత 2504కు తీసుకెళుతుంది. రాయల కొలువులో తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, రాజనర్తకిగా సిల్క్ స్మిత ఉంటారు. జంటతో పాటు సుత్తివేలు వేసిన కానిస్టేబుల్ కూడా ఖాకీ బట్టల్లోనే అక్కడ తేలతాడు. ఏ విజ్ఞానకథా రచయితకూ తట్టని ఆ కానిస్టేబుల్ వల్లే తెలుగు ప్రేక్షకుడికి ఆ ప్రయాణం నమ్మబుద్ధేసింది. భవిష్యత్తులో మూడో ప్రపంచ యుద్ధం తర్వాత రేడియేషన్‌కు భయపడి జనం నేల కింద బతుకుతుంటారు. సినిమా 2025 ఏప్రిల్‌లో కొత్త మెరుగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది.

ప్రేమకథగా చూస్తే మాత్రం ఇందులో ఒక జాగ్రత్త ఉంది. కృష్ణకుమార్, హేమ ఇద్దరూ మన కాలంవాళ్లే. జంటగా వెళ్లి జంటగా తిరిగొస్తారు. గతం వాళ్ల ప్రేమకు అడ్డు తగలదు. రాయల నాటి పెళ్లి కట్టుబాట్లు హేమను ఒక్క పూటైనా ఇబ్బంది పెట్టవు. రీజెన్సీ కాలయాన కథలో గతం నాయికకు పెట్టే పరీక్ష ఇక్కడ లేదు. మనకు రాయల కాలం స్వర్ణయుగం. దాన్ని ప్రశ్నించడానికి కాదు, కళ్లారా చూసి రావడానికి వెళతాం.

తర్వాతి తెలుగు సినిమాల్లో కాలం దాటే ప్రేమ రెండు దారుల్లో నడిచింది. యంత్రం అక్కర్లేని పునర్జన్మ దారి పాతది. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’లో కొత్త దంపతులకు గోదావరి మీద పోయిన జన్మ గుర్తొస్తుంది. 2009 నాటి ‘మగధీర’లో చేతి స్పర్శకే 400 ఏళ్ల నాటి ప్రేమ మేల్కొంటుంది. ‘మనం’ (2014), ‘శ్యామ్ సింగరాయ్’ (2021) ఈ కోవలోవే. రెండో దారిలో పరికరం ఉంటుంది. 2021 నాటి ‘అద్భుతం’లో 2014లో ఉన్న అబ్బాయి, 2019లో ఉన్న అమ్మాయి ఒకే ఫోన్ నంబరు మీద మాట్లాడుకుంటారు. 2022లో ‘బింబిసార’ క్రూరుడైన రాజును మాయా దర్పణం గుండా మన కాలానికి తెచ్చింది. అదే ఏడాది ‘ఒకే ఒక జీవితం’లో కొడుకు అమ్మ కోసం 1998కి వెళ్లాడు. ఈ మొత్తంలో నేటి అమ్మాయి ఒంటరిగా గతంలోకి వెళ్లి అక్కడి పెళ్లి రివాజుతో తలపడిన కథ లేదు. ఇది పెద్ద లోటు.

1811–20లో అరకు

అలాంటి అమ్మాయిని అరకులో దించి చూద్దాం. ఈనాడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయ తెలుగు సినిమాకు చిరకాలంగా పాటల లొకేషన్. ‘కథ’ (2009) లాంటి ఒకటి రెండు చిత్రాలకు పూర్తి నేపథ్యం కూడా. కానీ 1813లో దిగిన అమ్మాయికి పోస్టుకార్డుల అరకు కనపడదు. కాఫీ తోటలు ఉండవు. ఆంధ్ర వైపు తూర్పు కనుమల్లో కాఫీ మొదలైందే పందొమ్మిదో శతాబ్దం చివర, అదీ తూర్పు గోదావరి వైపు. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు, అది తర్వాత తెచ్చి నాటింది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960లలోది. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయల కోసం వేసింది.

బొర్రా గుహలు మాత్రం అప్పటికి లక్షల ఏళ్లుగా ఉన్నాయి. వాటిని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనిపెట్టాడని పర్యాటక పుస్తకాలన్నీ రాస్తాయి. ఆ సంస్థ పుట్టింది 1851లో. ఈ పుస్తకాల ప్రకారం మన్యంలో కాలయానం చేసిన మొదటి మనిషి ఆ దొరే అవుతాడు. గుహల్లోని శివలింగాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎప్పట్నుంచో కొలుస్తున్నారు కాబట్టి వాటిని ఎవరో కనిపెట్టడమన్న మాటే పొసగదు.

ఈ కొండలు అప్పట్లో జయపురం, మాడుగుల వంటి జమీందారీల కింద ఉండేవి. ఊళ్ల మీద పెత్తనం ముఠాదార్లది. ఈస్టిండియా కంపెనీ పాలన పేరుకే. 1794 జులై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చినవిజయరామరాజు కంపెనీ సేనల చేతిలో హతుడయ్యాడు. కొడుకు నారాయణరాజుకు కొండ జమీందార్లు అండగా నిలిచారు. తర్వాత రాజీ కుదిరి కుదించిన ఎస్టేటు ఆయన చేతికొచ్చింది. రీజెన్సీ పదేళ్లలో విజయనగరం గద్దె మీద ఉన్నది ఈయనే. తండ్రి యుద్ధంలో చచ్చి, కొండల్లో తలదాచుకుని, సగం ఎస్టేటుతో తిరిగొచ్చిన యువ జమీందారు కన్నా హేయర్ నవలకు మంచి నాయకుడు ఎక్కడ దొరుకుతాడు?

కొండ మీదికి బండి దారి లేదు. బంజారాలు ఎడ్ల మీద ఉప్పు మోసుకొచ్చి, కొండ పంటలు దించుకుపోయేవారు. చలిజ్వరం అంటే మైదానం వాళ్లకు హడలు. తిండి చోడి అంబలి, సామ అన్నం. పండుగైనా పెళ్లైనా జీలుగు కల్లు ఉండాల్సిందే. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, గదబలు, పోర్జాలు, ఖోందులు ఉండే ఈ లోయలో తెలుగుతో పని జరగదు. ఇళ్లలో కొండదొరలకు కూబి, ఖోందులకు కువి, గదబలకు గుతోబ్ ఉన్నా, తెగకూ తెగకూ మధ్య, సంతలో చలామణి అయ్యేది ఆదివాసీ ఒడియా. అమాండా ప్రైస్‌కు కనీసం భాష వచ్చు. విశాఖ నుంచి వెళ్లిన మన అమ్మాయి నోరు విప్పగానే పరాయిదైపోతుంది.

నాట్యసభ స్థానంలో ఇక్కడ థింసా ఉంది. లండన్ సభలో పెళ్లికాని పిల్ల తనను ఎవరు ఆటకు పిలుస్తారా అని గోడవార కూర్చుంటుంది. థింసాలో పిలుపు కోసం కాచుకోవడమే లేదు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుము, డప్పు, మోరి మోగుతుండగా, వరుసగా కాళ్లు కలుపుతూ పాములా మెలితిరిగి గుండ్రంగా తిరుగుతారు. ముసలి, వయసు తేడా లేదు. వరుస చివర నిలబడితే చాలు, చెయ్యి దానంతటదే వచ్చి అల్లుకుంటుంది.

ఓలి, మారుమనువు, భూమి

అసలు తేడా పెళ్లి దగ్గర ఉంది. ఇంగ్లండులో ఆడపిల్ల కట్నంతో వెళ్లాలి. మన్యంలో మగపిల్లాడి ఇంటివాళ్లే పిల్ల తండ్రికి ఓలి కట్టాలి. ఓలి ఇచ్చుకోలేని కుర్రాడు అత్తింట కొన్నేళ్లు పనిచేసి పిల్లను చేసుకోవచ్చు. ఇద్దరూ కూడబలుక్కుని లేచిపోతే అదీ ఒక పద్ధతే. తర్వాత పెద్దలు కూర్చుని ఓలి తేల్చి విందు పెడతారు. పొసగకపోతే విడిపోవచ్చు. కొత్త భర్త పాత భర్తకు పరిహారం కడతాడు. వితంతువుకు మారుమనువు మామూలు సంగతి. ఈ పద్ధతుల్లో చాలావాటిని ఎడ్గార్ థర్స్టన్ 1909 నాటి ఏడు సంపుటాల గ్రంథంలో తెగలవారీగా నమోదు చేశాడు.

‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో బెన్నెట్‌ల చిన్న కూతురు లిడియా విక్‌హామ్‌తో లేచిపోవడం కుటుంబమంతటికీ తలవంపు, మిగతా నలుగురి పెళ్లిళ్లకూ గండి. అదే లిడియా అరకులో పుట్టి ఉంటే నాలుగు రోజుల పంచాయితీ, ఓ విందు, అంతే. ఇంగ్లండులో విడాకులు కావాలంటే ఆనాడు పార్లమెంటులో ప్రత్యేకంగా బిల్లు పెట్టించుకోవాలి. కిందనున్న విజయనగరంలో అగ్రవర్ణ వితంతువుకు తిరిగి పెళ్లన్న ఊసే లేదు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం ఆ పెళ్లి జరిపిస్తే దాన్ని విప్లవం అన్నాం. అదే పని అరకులో ఎవరి అనుమతీ లేకుండా ఎప్పట్నుంచో జరుగుతోంది. నేటి అమ్మాయి గతంలోని కట్టుబాటును చూసి బెదిరిపోవడమే రీజెన్సీ కాలయాన కథకు ఇంధనం. అరకులో ఆ ఇంధనం చాలా మటుకు దొరకదు. కట్నం బేరాలు చూసి విసిగిన అమ్మాయి అక్కడే ఉండిపోతానన్నా ఆశ్చర్యం లేదు.

అలాగని అది స్వర్గం అనుకోకూడదు. ఎత్తుకుపోయి పెళ్లి చేసుకోవడమూ ఆ రివాజుల్లో ఉండేది, అందులో పిల్ల ఇష్టం ఎంతన్నది ఎవరూ రాసిపెట్టలేదు. ఓలి అప్పు తీర్చలేక గొత్తి చాకిరీలో చిక్కుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఖోందుల మెరియా నరబలి ఆ పదేళ్లలో నడుస్తూనే ఉంది. కంపెనీ కంట అది పడింది 1830లలో. భూమి ఆడవాళ్ల చేతికి రావడం అరుదు. ఇప్పటికీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు, తెగ ఆచారమే ప్రమాణం.

భూమి మాట వచ్చింది కాబట్టి, ఆస్టెన్ అరకు వచ్చి ఉంటే ఆమెకు నచ్చే కథ గతంలో కన్నా వర్తమానంలోనే ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని 1959 నిబంధన, దానికి 1970లో చేసిన 1/70 సవరణ చెబుతాయి. దాన్ని తప్పించుకోవడానికి మైదానపు మగాళ్లు గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేరున భూమి రాయించుకున్న ఉదంతాలు ఏజెన్సీ అంతటా వినిపిస్తాయి. అక్కడ పెళ్లాడేది మనిషినా, పట్టానా? బెన్నెట్ ఇంటి ప్రశ్నే ఇది, పాత్రలు తారుమారయ్యాయి.

మన అమ్మాయి ప్రయాణానికి యంత్రం కావాలంటే విశాఖలోనే ఒకటి ఉంది, దంతపు పెట్టె. రీజెన్సీ కాలంలో ఇంగ్లీషు దొరసానులు ముచ్చటపడి తెప్పించుకున్న కుట్టుపని పెట్టెల్లో విశాఖపట్నం కంసాలుల పనితనం పేరెన్నికగన్నది. గంధపు చెక్క మీద పల్చటి దంతపు రేకులు తాపి, వాటి మీద సన్నటి లతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కొన్ని అచ్చం ఇంగ్లీషు పల్లె ఇంటి ఆకారంలో, పైకప్పు తీస్తే లోపల సూదులూ దారపు కండెలూ పెట్టుకునే అరలతో ఉంటాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ విశాఖ దంతపు పని చూడొచ్చు. ఆస్టెన్ నాయికల బల్ల మీద ఉండదగ్గ వస్తువు మన రేవులో తయారైందన్నది కల్పన కాదు.

ఇక ఆధారాల సంగతి. థర్స్టన్ గ్రంథం, 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ రెండూ రీజెన్సీకి తొంభై ఏళ్ల తర్వాత బయటివాళ్లు రాసినవి. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో ప్రచురించిన కొండ భాషా గ్రంథం ఆ లోయ మాట ఎలా ఉంటుందో చెబుతుంది. లోపలి గొంతు కావాలంటే ‘శిలకోల’ కథలు రాసిన మల్లిపురం జగదీశ్ వంటి ఆదివాసీ రచయితలను చదవాలి. అరకు నేపథ్యంగా ఇలాంటి నవల తలపెట్టే తెలుగు రచయిత కాలయంత్రం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు సంతలో కూర్చుని ఆదివాసీ ఒడియా నాలుగు ముక్కలు నేర్చుకోవాలి.